ఉమ్మడి ఫిర్యాదు: సంతకం చేసే ముందు తెలుసుకోవలసిన విషయాలు

విత్తనంలో లోపం ఉన్నప్పుడు నష్టపోయేది ఒక్క రైతు కాదు. అదే లాటుకు చెందిన విత్తనం కొన్న ప్రతి రైతూ నష్టపోతాడు. అయితే ఆ నష్టం పది ఊళ్ళలో, వంద కమతాలలో చెల్లాచెదురై ఉంటుంది. రెండెకరాల రైతు తనకు కలిగిన నష్టాన్ని ఒక పక్కన, జిల్లా కేంద్రానికి తిరిగే బస్సు ఛార్జీలను, పోయే పని దినాలను, వకీలు ఫీజును మరొక పక్కన వేసి చూసుకుంటాడు. చివరకు 'మన ఖర్మ ఇంతే' అని ఊరుకుంటాడు. ఇలా ఊరుకున్నవారి నష్టాలన్నీ కలిపితే మాత్రం అది చిన్న మొత్తం కాదు.

ఈ పరిస్థితికి విరుగుడుగా చట్టం ఏర్పరచిన మార్గమే ఉమ్మడి ఫిర్యాదు. ఒకే కారణం వల్ల, ఒకే విధంగా నష్టపోయిన అనేకుల పక్షాన ఒకరిద్దరు న్యాయస్థానం ముందు నిలబడి అందరి కోసం వాదించే పద్ధతి ఇది. గడ్డిపరకలు కలిపి పేనితే ఏనుగును కట్టే మోకు అవుతుందన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కాని మోకు గట్టిగా ఉండాలంటే పరకలన్నీ ఒకే జాతివై ఉండాలి. ఉమ్మడి ఫిర్యాదుకు బలం చేకూర్చేది చేరినవారి సంఖ్య కాదు, వారి నష్టంలోని ఏకత్వం. ఈ ఒక్క విషయం గ్రహిస్తే, ఎప్పుడు చేరాలో, ఎప్పుడు వేరుగా నిలవాలో మీరే నిర్ణయించుకోగలరు.

చట్టంలో దీని స్థానం

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలోని మొదటి ఆర్డరు 8వ రూలు ప్రకారం, ఒకే ప్రయోజనం గల అనేకుల పక్షాన వారిలో ఒకరు లేక కొందరు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. దీనినే ప్రాతినిధ్య దావా అంటారు. గ్రామ చెరువు, బాట, గుడి మాన్యం వంటి ఉమ్మడి హక్కుల వివాదాలలో ఈ రూలును ఉపయోగించడం చాలా కాలంగా ఉన్నదే.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇదే సూత్రాన్ని సరుకులు, సేవల కొనుగోలుదారులకు వర్తింపజేసింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. ఈ కొత్త చట్టంలోని 35వ సెక్షను కింద, ఒకే ప్రయోజనం గల అనేకమంది వినియోగదారుల తరఫున ఒకరు లేక కొందరు, జిల్లా వినియోగదారుల కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేయవచ్చు. పూర్వం జిల్లా ఫోరం అని పిలిచినదే నేటి జిల్లా కమిషన్.

'రైతు వినియోగదారుడు ఎలా అవుతాడు? అతడు వ్యాపారానికి కదా విత్తనం కొన్నది?' అన్న వాదన తరచు వినిపిస్తుంది. దీనికి సుప్రీంకోర్టు 2012 జనవరిలో స్పష్టమైన సమాధానం ఇచ్చింది. అది మన రాష్ట్ర రైతుల కేసే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లోని వివిధ జిల్లాల రైతులు జాతీయ విత్తన సంస్థ నుండి కొన్న విత్తనం వల్ల పంట నష్టపోయామని ఫిర్యాదు చేశారు. విత్తన చట్టం వేరుగా ఉన్నది కనుక వినియోగదారుల ఫోరానికి రాకూడదనీ, ఒప్పందంలో మధ్యవర్తి పరిష్కార నిబంధన ఉన్నదనీ, విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్షింపలేదనీ సంస్థ వాదించింది. సుప్రీంకోర్టు ఈ వాదాలను తిరస్కరించింది. రైతు కొన్న విత్తనమంతా చేలో చల్లుకుంటాడే గాని, రేపు పరీక్షకు పనికివస్తుందని కొంత దాచి ఉంచుకోడనీ, నమూనా చూపవలసింది అమ్మిన సంస్థేననీ పేర్కొన్నది. ఈ తీర్పు తరువాత రైతు వినియోగదారుడా కాదా అన్న ప్రశ్న మీద మీరు భయపడవలసిన పని లేదు.

కంపెనీల వాటాదారులకు, డిపాజిటర్లకు ఇటువంటి హక్కు ఆలస్యంగా వచ్చింది. 2009లో హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడినప్పుడు, అమెరికాలో ఆ షేర్లు కొన్నవారు అక్కడి కోర్టులో సామూహిక దావా వేశారు. 2011లో కుదిరిన రాజీల ప్రకారం కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిటు సంస్థలు 2.55 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించాయి. మన దేశంలోని వాటాదారులకు ఆనాడు అటువంటి దారి లేకపోయింది. ఆ లోటును పూరించడానికే 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షను చేర్చారు. అది 2016 జూన్ 1 నుండి అమలులో ఉన్నది.

మూడు మార్గాలు, మూడు ఫలితాలు

పదిమంది కలిసి ఫిర్యాదు చేయాలనుకున్నప్పుడు ముందుగా ఏ మార్గంలో వెళుతున్నదీ తేల్చుకోవాలి. పైకి ఒకే విధంగా కనిపించినా వీటి ఫలితాలు వేరు.

మొదటిది విడి ఫిర్యాదు. మీ నష్టం, మీ రుజువులు, మీ కోరిక మాత్రమే ఇందులో ఉంటాయి. తీర్పు మీకు మాత్రమే వర్తిస్తుంది.

రెండవది కొందరు కలిసి వేసే ఫిర్యాదు. ఇరవైమంది రైతులు ఒకే కాగితం మీద సంతకాలు చేసి, తమ ఇరవైమంది నష్టం గురించి మాత్రమే అడుగుతారు. సంతకం చేయని రైతుకు ఈ తీర్పుతో సంబంధం ఉండదు.

మూడవది ప్రాతినిధ్య ఫిర్యాదు. ముందు నిలబడేవారు ముగ్గురే కావచ్చు. కాని వారు అడిగేది తమ కొరకే కాదు, అదే నష్టం పొందిన వారందరి కొరకు. దీనికి కమిషన్ అనుమతి తప్పనిసరి. ఇందులో వచ్చే తీర్పు, సంతకం చేయనివారికి సహితం వర్తిస్తుంది.

ఇవి కాక నమోదైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘం గాని, ప్రభుత్వం గాని, 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గాని వినియోగదారుల పక్షాన ఫిర్యాదు చేయవచ్చు. మీ ప్రాంతంలో చురుకైన వినియోగదారుల సంఘం ఉంటే మొదట వారిని సంప్రదించడం మేలు.

'ఒకే ప్రయోజనం' అంటే ఏమిటి?

ఉమ్మడి ఫిర్యాదులు నిలిచేదీ, కూలేదీ ఈ మాట మీదనే. ఒక ఉదాహరణ తీసుకుందాం.

ఒక మండలంలో 60 మంది రైతులు ఒకే కంపెనీ మిరప విత్తనం కొన్నారనుకోండి. కాయ సరిగా పట్టలేదు. అందరూ కలిసి ఫిర్యాదు చేయాలనుకున్నారు. బిల్లులు చూడగా 45 మంది వద్ద ఉన్నది ఒకే లాటు విత్తనం. 10 మందిది వేరొక లాటు. మిగిలిన 5 గురు చాలా ఆలస్యంగా నారు వేశారు, వారి పంటకు తెగులు సోకింది. ఈ 60 మంది బాధ ఒకటే. కాని చట్టం దృష్టిలో వారి ప్రయోజనం ఒకటి కాదు. 45 మంది విషయంలో తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ లాటు విత్తనంలో లోపం ఉన్నదా, లేదా? ఒకరి విషయంలో ఇది తేలితే అందరి విషయంలోనూ తేలినట్లే. 10 మంది విషయంలో రుజువు వేరుగా కావాలి. చివరి 5 గురిని కలుపుకుంటే ఎదుటి పక్షం వకీలు మొదట పట్టుకునేది వారి చేలనే. 'తెగులు వల్ల పోయిన పంటను విత్తనం మీదకు నెడుతున్నారు' అని ఫిర్యాదు మొత్తాన్నీ సందేహంలో పడవేస్తాడు. జాలితోనో, సంఖ్య పెరుగుతుందన్న ఆశతోనో అందరినీ చేర్చుకోవడం వల్ల నలభై అయిదుగురి న్యాయమైన కోరిక దెబ్బతింటుంది.

అలాగని నష్టం మొత్తాలు అందరికీ సమానంగా ఉండాలని కాదు. ఒకరిది ఎకరం, మరొకరిది నాలుగెకరాలు కావచ్చు. కారణం ఒకటై, కోరే పరిహారం ఒకే కొలతతో లెక్కకట్టగలిగితే చాలు. 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మద్రాసు కేసు ఇందుకు నిదర్శనం. తమిళనాడు గృహనిర్మాణ మండలి అశోక్ నగర్‌లో ఇళ్ళు కేటాయించిన తరువాత కొంతకాలానికి అదనపు ధర కోరింది. ఒక కేటాయింపుదారు అందరి పక్షాన దావా వేశాడు. ఎవరి ఒప్పందం వారిదే, ఎవరి నోటీసు వారిదే కనుక ఇది చెల్లదని మండలి వాదించింది. వివాదాంశం అందరికీ ఒకటే కనుక ప్రాతినిధ్య దావా చెల్లుతుందని కోర్టు తీర్పు చెప్పింది.

2021 డిసెంబరులో బెంగుళూరు నుండి వచ్చిన బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో ఫలితం వేరుగా వచ్చింది. 91 మంది కొనుగోలుదారులు, ఒకే సముదాయంలో ఫ్లాట్లు కొన్న వెయ్యిమందికి పైగా ఉన్నవారందరి పక్షాన ఫిర్యాదు చేశారు. కాని వేర్వేరు బ్లాకులు వేర్వేరు కాలాలలో పూర్తి అయ్యాయి. అందరి బాధా ఒకటేనని ఫిర్యాదులో తగినట్లు వివరింపలేదు. కనుక దానిని అందరి పక్షాన వేసిన ఫిర్యాదుగా సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. అయితే ఆ 91 మంది తమ కొరకు కలిసి వేసిన ఫిర్యాదుగా నడుపుకోవచ్చునని అనుమతించింది. 'అందరి కోసం' అని వ్రాసినంత మాత్రాన అది అందరి ఫిర్యాదు కాదు. అందరి నష్టం ఏ విధంగా ఒకటో ఫిర్యాదులోనే విప్పి చెప్పాలి.

పంటల బీమా విషయంలో ఈ ఏకత్వం సహజంగానే ఏర్పడుతుంది. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కింద దిగుబడి నష్టాన్ని గ్రామం లేక కొన్ని గ్రామాల సముదాయాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని లెక్కిస్తారు. ఆ యూనిట్‌లో ఒకే పంటకు బీమా చేసిన రైతులందరికీ వర్తించే నష్ట శాతం ఒకటే. ఆ లెక్కలో పొరపాటు జరిగితే అది అందరి సమస్య. కాని మీ ఒక్కరి ఖాతా నంబరు తప్పుగా నమోదు కావడం వల్ల పరిహారం రాకపోతే అది మీ ఒక్కరి సమస్య. దానికి మీ బ్యాంకు శాఖను, అవసరమైతే విడి ఫిర్యాదును ఆశ్రయించాలి.

ఫిర్యాదు నడిచే తీరు

ప్రాతినిధ్య ఫిర్యాదు దాఖలు చేసేటప్పుడు దానితో పాటు అనుమతి కోరుతూ ఒక దరఖాస్తు ఇవ్వాలి. ఎవరి పక్షాన ఫిర్యాదు చేస్తున్నారో అందులో స్పష్టంగా చెప్పాలి. 'నష్టపోయిన రైతులందరూ' అంటే చాలదు. 'ఫలానా సంవత్సరం ఖరీఫ్‌లో, ఫలానా లాటు విత్తనం కొన్న రైతులందరూ' అని ఉండాలి.

కమిషన్ అనుమతి ఇచ్చిన తరువాత, ఆ వర్గానికి చెందిన వారందరికీ నోటీసు వెళ్ళాలి. కొద్దిమంది అయితే విడివిడిగా పంపుతారు. ఎక్కువమంది అయితే పత్రికలో ప్రకటన ఇస్తారు. ఈ ఖర్చు ఫిర్యాదుదారులదే. నోటీసు చూసిన ఎవరైనా తమను కూడా కక్షిదారుగా చేర్చుకొమ్మని కోరవచ్చు. ముందు నిలబడినవారు కేసును శ్రద్ధగా నడపకపోతే, వారి స్థానంలో అదే ప్రయోజనం గల మరొకరిని నియమించే అధికారం కూడా ఉన్నది.

ఎదుటి పక్షం 30 రోజులలో సమాధానం దాఖలు చేయాలి. మరొక 15 రోజులకు మించి గడువు ఇవ్వరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తీర్పు చెప్పింది. ప్రయోగశాల పరీక్ష అవసరం లేని ఫిర్యాదును 3 నెలలలో, అవసరమైన దానిని 5 నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నది. ఆచరణలో ఇంతకంటె ఎక్కువ కాలం పట్టడం సాధారణం. ఆ ఓపికతోనే దిగాలి.

జిల్లా కమిషన్ ఉత్తర్వు మీద 45 రోజులలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఎదుటి పక్షం అప్పీలు చేయదలిస్తే, చెల్లించవలసిన మొత్తంలో సగం ముందుగా జమకట్టాలి. ఉత్తర్వును పాటించనివారికి 1 నెల నుండి 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష గాని, 25 వేల రూపాయల నుండి లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది గడువు. నష్టం కలిగిన నాటి నుండి 2 సంవత్సరాలలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అవకాశం ఉన్నా, దాని మీద ఆధారపడరాదు. 'ఎవరో వేస్తున్నారట, చూద్దాం' అని కూర్చున్నవారు, ఆ ఎవరో వేయకపోతే రెండు విధాలా నష్టపోతారు.

తీర్పు, రాజీ అందరినీ బంధిస్తాయి

ప్రాతినిధ్య ఫిర్యాదులో గెలిస్తే ఫలితం అందరిదీ. ఓడిపోయినా ఆ ఓటమి అందరిదే. తీర్పు వచ్చిన తరువాత 'ఆ కేసు నేను వేయలేదు, మళ్ళీ వేరుగా వేస్తాను' అంటే కుదరదు. అందువల్ల పత్రికలో నోటీసు కనిపించినప్పుడు దానిని నిర్లక్ష్యం చేయరాదు. ఆ వర్గంలో మీరు ఉన్నారా, కేసు నడిపేవారు ఎవరు, ఏమి కోరుతున్నారు అన్నది వెంటనే విచారించుకోవాలి. మీరు ఇప్పటికే విడిగా ఫిర్యాదు చేసి ఉంటే, లేక చేయదలిస్తే, ఆ సంగతిని ఆలస్యం లేకుండా కమిషన్ దృష్టికి తేవాలి.

రాజీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందరి పక్షాన వేసిన కేసును ముందు నిలబడినవారు తమంతట తాము రాజీ చేసుకోవడానికి, ఉపసంహరించుకోవడానికి వీలు లేదు. ముందుగా అందరికీ నోటీసు ఇవ్వాలి. ఈ నియమం ఎందుకంత విలువైనదో భోపాల్ అనుభవం చెబుతుంది.

1984 డిసెంబరు 2-3 తేదీల మధ్య రాత్రి జరిగిన భోపాల్ విషవాయు ప్రమాదం తరువాత, 1985లో చేసిన ప్రత్యేక చట్టం ద్వారా బాధితులందరి పక్షాన వాదించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం స్వీకరించింది. మొదట 330 కోట్ల డాలర్లు కోరిన ప్రభుత్వం, 1989 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఎదుట 47 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఆ రాజీకి ముందు బాధితులను అడిగినవారు లేరు. ఆ చట్టం చెల్లుతుందని 1989 డిసెంబరులో చెప్పిన సుప్రీంకోర్టే, బాధితుల మాట వినవలసి ఉండెనని కూడా పేర్కొన్నది. 1991లో పునఃసమీక్ష జరిగినా ఆ మొత్తం మారలేదు. అదనపు పరిహారం కోరుతూ కేంద్రం వేసిన దరఖాస్తును 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఒకసారి కుదిరిన రాజీని ముప్పై నాలుగు సంవత్సరాల తరువాత కూడా కదిలించలేకపోయారు. మీ పక్షాన మాట్లాడే అధికారం ఎవరికి ఇచ్చినా, మీతో చెప్పకుండా బేరం ముగించే అధికారం ఇవ్వరాదన్నదే ఇందులోని పాఠం.

ఖర్చుల లెక్క

కమిషన్ ఫీజు మీరు కోరే పరిహారాన్ని బట్టి కాక, సరుకుకు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. ఆ ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు. 5 నుండి 10 లక్షల వరకు 200 రూపాయలు. పై ఉదాహరణలోని 45 మంది రైతులు ఒక్కొక్కరు 6 వేల రూపాయల విత్తనం కొన్నారనుకుంటే, మొత్తం 2 లక్షల 70 వేలు. అంటే ఫీజు ఏమీ ఉండదు. చెల్లించిన ధర 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అదీ మీరు నివసించే జిల్లాలోనే. కంపెనీ కార్యాలయం ఎక్కడో ఉన్నదని అక్కడికి పోవలసిన పని లేదు.

అసలు ఖర్చు పత్రికా ప్రకటన, పరీక్షలు, వకీలు ఫీజు. అమెరికాలో సామూహిక దావాలు నడిపే వకీళ్ళు గెలిచిన సొమ్ములో వాటా తీసుకోవడం పరిపాటి. మన దేశంలో అది నిషిద్ధం. ఫలితం మీద ఆధారపడిన ఫీజు గాని, వచ్చే పరిహారంలో వాటా గాని న్యాయవాది మాట్లాడుకోరాదని భారత బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. కనుక 'ముందు ఏమీ ఇవ్వనక్కరలేదు, వచ్చినదాంట్లో మూడోవంతు ఇస్తే చాలు' అని ఊళ్ళోకి వచ్చి సంతకాలు సేకరించేవారిని నమ్మవద్దు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయసహాయం అందిస్తుంది. ఆ సంస్థ సహాయానికి 15100, వినియోగదారుల సలహాకు 1915 నంబర్లకు ఫోను చేయవచ్చు.

చేరాలా, వద్దా?

నిర్ణయానికి ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. నా నష్టానికి కారణం మిగిలినవారి నష్టానికి కారణమైనదేనా? లాటు నంబరు, కొన్న కాలం, వాడిన పద్ధతి కలుస్తున్నాయా?

2. నా నష్టం ఒక్కడిగా పోరాడటానికి మరీ చిన్నదా? అయితే కలవడమే ఉత్తమం. అందరికంటె బాగా పెద్దదా, లేక మందు చల్లుతూ అస్వస్థతకు గురికావడం వంటి ప్రత్యేకమైన హాని జరిగిందా? అయితే విడి ఫిర్యాదు గురించి ఆలోచించాలి. అందరికీ కట్టే సగటు కొలతలో మీ ప్రత్యేక నష్టం కనబడకుండా పోవచ్చు.

3. డీలరు వద్ద గాని, కంపెనీ వద్ద గాని ఇంతకు ముందే కొంత సొమ్ము పుచ్చుకొని, 'ఇక ఏ కోరికా లేదు' అని వ్రాసి ఇచ్చానా? అయితే ఆ కాగితాన్ని వకీలుకు చూపకుండా చేరవద్దు.

4. ముందు నిలబడేవారు నిజంగా నష్టపోయినవారేనా? కంపెనీతో, డీలరుతో వారికి లావాదేవీలు ఉన్నాయా? ఖర్చుల లెక్క అందరికీ చూపుతారా?

5. నేను సంతకం చేసే కాగితంలో ఏమున్నది? ఖాళీ కాగితం మీద, చదివి వినిపించని వకాల్తా మీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయవద్దు.

ఈ ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానాలు దొరికితే నిస్సంకోచంగా చేరండి. ఒకటి రెండింటికి దొరకకపోతే, రెండు సంవత్సరాల గడువును దృష్టిలో ఉంచుకొని, విడిగా సలహా తీసుకోండి.

కాగితమే సాక్షి

వంద మంది సాక్ష్యం కంటె ఒక బిల్లు గట్టిది. మన పల్లెలలో ఒకరు పట్నం వెళ్ళి పదిమందికి విత్తనం తేవడం, బిల్లు అతని పేరు మీదనే ఉండడం పరిపాటి. అప్పు మీద ఇచ్చిన సరుకుకు డీలరు బిల్లే ఇవ్వకపోవడం కూడా ఉన్నది. ఈ రెండు అలవాట్లూ రేపు మిమ్మల్ని కమిషన్ ముందు నిస్సహాయులను చేస్తాయి. ఎవరి విత్తనానికి వారి పేరున, లాటు నంబరు వేయించి బిల్లు తీసుకోండి. ఖాళీ సంచి, దానికి కుట్టిన చీటీ పారవేయవద్దు. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ, కంపెనీ తన పూచీ మీద అమ్మే విత్తనానికి ఆకుపచ్చ చీటీ ఉంటాయి. మొలక శాతం, గడువు తేదీ వాటి మీదనే ఉంటాయి. కౌలు రైతులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. భూమి మరొకరి పేరున ఉన్నా, విత్తనం కొన్నది మీరే అని చూపవలసింది ఆ బిల్లే.

లోపం కనిపించిన వెంటనే మండల వ్యవసాయాధికారికి వ్రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోండి. పంట చేలో ఉండగానే అధికారులు, శాస్త్రవేత్తలు చూసి నివేదిక ఇవ్వడం అవసరం. చేను దున్నివేసిన తరువాత ఎంత గట్టిగా వాదించినా రుజువు ఉండదు. ఉమ్మడిగా ఫిర్యాదు చేయదలచినవారు ఒక పుస్తకంలో ప్రతి రైతు పేరు, విస్తీర్ణం, లాటు నంబరు, బిల్లు నంబరు, విత్తిన తేదీ, వచ్చిన దిగుబడి వ్రాసి, ఎదురుగా సంతకం చేయించాలి. ఎవరి నష్టం ఎవరితో కలుస్తుందో ఆ పుస్తకమే చెబుతుంది. అడంగల్ లేక పహాణీ నకలు, కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా వివరాలు దానికి జతచేయాలి. విత్తనం సొమ్మును ఖాతా ద్వారా చెల్లించి ఉంటే, ఆ పద్దు తేదీతో సహా మీకు సాక్ష్యం పలుకుతుంది.

కేసు వేరు, అప్పు వేరు

చివరిగా రుణగ్రహీతలైన పాఠకులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. విత్తన కంపెనీ మీద ఫిర్యాదు నడుస్తున్నంత మాత్రాన పంట రుణం వాయిదా ఆగదు, వడ్డీ ఆగదు. 'పరిహారం రాగానే కడతాను' అని ఊరుకుంటే, సకాలంలో చెల్లించినవారికి దక్కే వడ్డీ రాయితీ పోతుంది. ఖాతా బకాయిల జాబితాలోకి వెళుతుంది. వచ్చే ఏటి పెట్టుబడికి అదే అడ్డు అవుతుంది. కనుక నష్టం జరిగినట్లు తెలిసిన నాడే, గడువు తేదీకి ముందే, మీ శాఖాధికారిని కలిసి వ్యవసాయాధికారి నివేదిక నకలుతో పరిస్థితి వివరించండి. వాయిదాల సర్దుబాటుకు నిబంధనలలో అవకాశం ఉన్నదేమో ఆనాడే తెలుస్తుంది. గడువు దాటిన తరువాత చెప్పే కారణం కంటె, ముందుగా చెప్పే కష్టానికి విలువ ఎక్కువ.

బ్యాంకు సేవలో లోపం జరిగినా ఇవే సూత్రాలు వర్తిస్తాయి. బీమా ప్రీమియం మినహాయించుకొని సకాలంలో పంపని శాఖ దానికి జవాబుదారీ అవుతుంది. ఒకే శాఖలో అనేకమంది రైతులకు అదే జరిగి ఉంటే, వారు కలిసి అడగడం వారి హక్కు.

కలిసి అడిగే గొంతుకు బలం ఉన్నది. ఆ బలం నిలవాలంటే నష్టానికి కారణం ఒకటై ఉండాలి, కాగితాలు సిద్ధంగా ఉండాలి, ముందు నిలబడేవారి లెక్కలు అందరికీ తెలిసి ఉండాలి. ఈ మూడూ కుదిరితే ఎకరం రైతు మాటకు కూడా ఎంత పెద్ద సంస్థ అయినా సమాధానం చెప్పక తప్పదు. అందుకు వచ్చే పంటకాలం దాకా వేచి ఉండనక్కరలేదు. ఈసారి విత్తనం కొనేటప్పుడు మీ పేరున బిల్లు అడిగి తీసుకోవడంతోనే మొదలుపెట్టవచ్చు.